మీకు తెలుసా? పూత విరగబూసినా శనగ కాయ నిలవదెందుకు

శనగ పువ్వు విచ్చుకునేసరికే దాని పెళ్లి అయిపోయి ఉంటుందని మీకు తెలుసా? రెక్కలు ఇంకా మూసుకుని ఉన్న మొగ్గ దశలోనే, అంటే విచ్చడానికి ఒకటి రెండు రోజుల ముందే, లోపల పరాగకోశాలు పగిలి పుప్పొడి కీలాగ్రం అనే ఆడభాగం మీద పడుతుంది. మనం గట్టున నిలబడి ‘ఈ ఏడు పూత బాగుంది’ అనుకునే వేళకు ఆ పువ్వు కాయ అవుతుందో లేదో చాలావరకు తేలిపోయి ఉంటుంది.

ఎండదెబ్బ తగిలేదీ ఆ మొగ్గలోనే. పగటి వేడి 35 డిగ్రీలకు చేరి రోజుల తరబడి అక్కడే ఉంటే, వేడిని ఓర్చుకోలేని శనగ రకాల్లో ముందుగా పాడయ్యేది ఆకు కాదు, కొమ్మ కాదు, పుప్పొడి. పుప్పొడి రేణువులకు పిండిపదార్థాన్ని, చక్కెరలను అందించే ఏర్పాటు దెబ్బతింటుంది. అలాంటి మొగ్గను విప్పి, పుప్పొడిని ఎసిటోకార్మైన్ అనే రంగులో వేసి సూక్ష్మదర్శినిలో చూడండి. బాగున్న రేణువులు గుండ్రంగా నిండి ఎర్రగా కనిపిస్తాయి. చచ్చినవి ముడుచుకుపోయి వెలవెలబోతాయి. వడ్లలో తాలు ఉంటుందే, అచ్చం అలా! పుప్పొడే తాలు పోతే గింజ ఎక్కడి నుంచి వస్తుంది?

తప్పు మగభాగానిదా, ఆడభాగానిదా? ఈ ప్రశ్నకు శాస్త్రవేత్తలు తేల్చిన జవాబు నాకు ఎంతో ఇష్టం. ఐసీసీ 5912 అనే రకాన్ని పగలు 35, రాత్రి 20 డిగ్రీల వేడిలో పెంచారు. దాని పుప్పొడి మొలకెత్తనే లేదు, గింజ కట్టలేదు. అయితే చల్లని చోట, పగలు 27, రాత్రి 16 డిగ్రీల్లో పెరిగిన మొక్క పుప్పొడిని తెచ్చి ఆ వేడెక్కిన పువ్వు కీలాగ్రం మీద వేస్తే అది చక్కగా మొలకెత్తింది. అంటే ఆ వేడికి కీలాగ్రం తట్టుకుంది, పుప్పొడి తట్టుకోలేకపోయింది. అదే వేడిలో ఐసీసీ 1205 అనే మరో రకం పుప్పొడి మాత్రం పనికొచ్చేదిగానే మిగిలింది. వేడిని తట్టుకునే రకాలను తయారు చేయవచ్చన్న ఆశకు ఆధారం ఇదే.

ఆ ఆశను పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థ పొలాల్లో పరీక్షించారు. శనగను అక్టోబరు, నవంబరులో కాకుండా కావాలనే ఫిబ్రవరిలో విత్తి, పూత మార్చి, ఏప్రిల్ ఎండల్లో పడేలా చూస్తారు. ఆ ఎండలోనూ కాయ పట్టిన మొక్కలే పరీక్షలో నెగ్గినట్టు. జేజీ 14 అనే రకం వేడిని తట్టుకోవడంలో పేరు తెచ్చుకుంది. ఎండను ఓర్చుకోవడం ఒక దారి, తప్పించుకోవడం ఇంకో దారి. 1989లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ‘శ్వేత’ పేరుతో విడుదలైన కాబూలీ శనగ త్వరగా కోతకు వచ్చేది. ఎండలు ముదిరేలోపే గింజ కట్టేసుకుంటుంది.

కర్నూలు, ప్రకాశం నల్లరేగడి నేలల్లో శనగ నేలలో మిగిలిన తేమ మీదే బతుకుతుంది. ఈశాన్య వానలు ఆలస్యమై విత్తనం వెనక్కి జరిగితే పూత, పిందె ఫిబ్రవరి ఎండలకు చిక్కుతాయి. అప్పుడే నేలలో తేమా తరిగిపోతుంటుంది. నిలిచిన కాయల్లోనూ గింజ నిండే గడువు కుదించుకుపోయి శనగ చిన్నదవుతుంది. ఇంత జరిగితే రైతు విత్తనాన్ని అనుమానిస్తాడు, మందును అనుమానిస్తాడు. పూత రాలాక ఏ మందు కొట్టినా ఆ పువ్వుకు పుప్పొడి తిరిగి రాదు. ఆ ఖర్చు చూస్తే మనసు కలుక్కుమంటుంది.

ఉత్తరాదిలో ఇదే పంటకు వేరే బాధ. అక్కడ చలికి పువ్వు రాలి, వాతావరణం వెచ్చబడ్డాకే కాయ నిలుస్తుంది.

మళ్లీ వేడి దగ్గరికి వస్తే ఇంకో సంగతి, రాత్రుల గురించి. శనగ మీద కాదు గానీ, బొబ్బర్ల మీద కాలిఫోర్నియాలో జరిగిన పరిశోధనల్లో పగటికంటే రాత్రి వేడే పుప్పొడిని ఎక్కువగా చంపుతుందని తేలింది. అందులోనూ రాత్రి రెండో సగంలో, తెల్లవారుజాము దాకా ఉండే ఉక్కే ఎక్కువ చెరుపు చేస్తుంది. పువ్వు విచ్చడానికి 7 నుంచి 9 రోజుల ముందు మొగ్గ మరీ సున్నితంగా ఉంటుందట.

ఈసారి కోతకు వచ్చిన శనగ మొక్కను చేతిలోకి తీసుకుని కొమ్మను కింది నుంచి పైకి కణుపు కణుపూ చూడండి. శనగ అలాగే కింది నుంచి పైకి పూస్తూ పోతుంది. కాయ ఉన్న కణుపుల మధ్య ఖాళీ కణుపులు వరుసగా కనిపిస్తే, అవి పూసిన రోజుల్లో, అంతకు వారం ముందు ఎండలు, రాత్రులు ఎలా ఉన్నాయో గుర్తు చేసుకోండి. తేమ లేకపోవడమో, పురుగో కూడా కారణం కావచ్చు. కానీ కొన్నిసార్లు ఆ ఖాళీలు వేడి దెబ్బ తగిలిన రోజుల గుర్తులే.