టైటానియం ఫ్రేమ్ విరగదనే మాట

కొలతలిచ్చి చేయించుకునే టైటానియం రోడ్ సైకిల్ ఫ్రేమ్ గురించి ప్రచారంలో ఉన్న అపోహల్లో చాలావాటివల్ల నష్టపోయేది జేబు మాత్రమే. ఒక్కటి మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. "టైటానియం విరగదు, ఒకసారి కొంటే జీవితాంతం ఇక చూసుకోనక్కర్లేదు" అన్నదే ఆ మాట. దాన్ని నమ్మినవాళ్లు పెడల్ ఇరుసు కూర్చునే బాటమ్ బ్రాకెట్ దగ్గర కిర్రుమంటుంటే బేరింగ్ పోయిందనుకుని మారుస్తారు, అయినా శబ్దం ఆగకపోతే అలవాటు చేసుకుని తొక్కుతారు. పాతికేళ్లనాటి సెకండ్ హ్యాండ్ ఫ్రేమ్‌ను అతుకుల వైపు కన్నెత్తి చూడకుండా కొంటారు. కొత్తది చేయించుకునేవాళ్లు తయారీదారుణ్ని ట్యూబు గ్రేడు అడుగుతారు, లోగో ఎక్కడ పడుతుందో అడుగుతారు, వెల్డింగ్ ఎలా చేస్తారో మాత్రం అడగరు. విరగని లోహానికి ఆ ప్రశ్న ఎందుకన్నది వాళ్ల ధీమా.

ఈ ధీమా గాలిలోంచి పుట్టలేదు. ఒక సగం నిజంలోంచి పుట్టింది. నున్నగా పాలిష్ చేసిన టైటానియం మిశ్రలోహపు కడ్డీని ప్రయోగశాలలో పదేపదే వంచి చూస్తే, ఒత్తిడి ఒక హద్దుకు లోపల ఉన్నంతకాలం అది కోట్లసార్లు తట్టుకుంటుంది. అల్యూమినియానికి అలాంటి స్పష్టమైన హద్దు లేదు, ఒత్తిడి చిన్నదైనా నష్టం పోగవుతూనే ఉంటుంది. ఈ తేడాను అమ్మకందారులు అందిపుచ్చుకున్నారు. వాళ్లు చెప్పకుండా వదిలేసిన సంగతి ఒకటుంది. ఫ్రేమ్ అనేది నున్నటి కడ్డీ కాదు. అందులో వెల్డింగ్ అతుకులున్నాయి, కేబుళ్లు లోపలికి పోయే రంధ్రాలున్నాయి, బాటిల్ బిగించే మరలున్నాయి, డిస్క్ బ్రేక్ కూర్చునే దిమ్మ ఉంది. ఇలాంటి ప్రతిచోటా ఒత్తిడి పోగుపడుతుంది. టైటానియం మిశ్రలోహాలు గాట్లకూ గీతలకూ సులువుగా లొంగుతాయి. కడ్డీకి ఉన్న హద్దు అతుకు దగ్గరికి వచ్చేసరికి బాగా దిగజారిపోతుంది. కాబట్టి ఫ్రేమ్ ఎన్నాళ్లు నిలుస్తుందో తేల్చేది లోహం పేరు కాదు. ట్యూబులు కలిసేచోట ఏం జరిగిందన్నదే తేలుస్తుంది.

అక్కడ జరిగేది సున్నితమైన పని. సుమారు 430 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కిన టైటానియం చుట్టూ ఉన్న గాలిలోంచి ఆక్సిజన్‌నూ నైట్రోజన్‌నూ పీల్చుకుంటుంది. పీల్చుకున్న భాగం పెళుసెక్కుతుంది. అందుకే టిగ్ వెల్డింగ్ చేసేటప్పుడు అతుకు బయటివైపునే కాదు, ట్యూబుల లోపల కూడా ఆర్గాన్ వాయువు నింపి ఉంచాలి. టార్చ్ పక్కకు తీసిన తర్వాత కూడా లోహం చల్లారేదాకా ఆ రక్షణ ఉండాలి. ట్యూబుల చివర్లు ఒకదానికొకటి సందు లేకుండా కుదరాలి, వాటిమీద నూనె గానీ చేతివేళ్ల జిడ్డు గానీ మిగలకూడదు. పని సరిగ్గా జరిగితే అతుకు వెండిలా మెరుస్తుంది. లేత గడ్డిరంగు ఉన్నా ఫర్వాలేదు. నీలం, ఊదా కనిపిస్తే అనుమానించాలి. బూడిదరంగో తెల్లటి పొడో ఉంటే ఆ అతుకు చెడిపోయిందనే లెక్క.

చిక్కేమిటంటే, ఈ సాక్ష్యాన్ని చెరిపేయడం చాలా తేలిక. బ్రష్ పట్టినా, సన్నటి పూసలతో కొట్టి మెరుగుపెట్టినా పైరంగు పోతుంది. చేప పొలుసుల్లా తీరుగా పేర్చిన వెల్డింగ్ గీతను దగ్గరినుంచి ఫొటో తీసి మురిసిపోవడం ఈ మధ్య ఒక వేడుకైంది. ఆ ఫొటోవల్ల తెలిసేది వెల్డర్ చెయ్యి నిలకడగా ఉందని మాత్రమే. ట్యూబు లోపలివైపు ఆర్గాన్ ఉందో లేదో ఏ ఫొటో చెప్పదు.

చరిత్ర తిరగేసినా విరగని ఫ్రేమ్ ఎక్కడా తగలదు. 1970లలో బ్రిటన్‌లో స్పీడ్‌వెల్, అమెరికాలో టెలిడైన్ సంస్థలు టైటానియం ఫ్రేములు తెచ్చాయి. స్పెయిన్ రేసర్ లూయిస్ ఓకాన్యా తాను గెలిచిన 1973 టూర్ ద ఫ్రాన్స్‌లో కొండదారులకు స్పీడ్‌వెల్ ఫ్రేమ్ వాడాడు. టెలిడైన్ వాళ్లు వాడింది దాదాపు శుద్ధ టైటానియం. ఆ ఫ్రేములు మెత్తగా ఊగుతాయనీ పగుళ్లిస్తాయనీ పేరు తెచ్చుకున్నాయి. 1980ల చివరికి అమెరికాలోని మెర్లిన్, లైట్‌స్పీడ్ సంస్థలు 3 శాతం అల్యూమినియం, 2.5 శాతం వనేడియం కలిసిన ట్యూబులు అందుకున్నాక పరిస్థితి మారింది. విమానాల హైడ్రాలిక్ గొట్టాల కోసం పుట్టిన మిశ్రలోహం అది. ఇప్పుడు గ్రేడ్ 9 అంటున్నది దాన్నే. అంతమాత్రాన పగుళ్లు పోలేదు. 1990లలో జర్మన్ పత్రిక టూర్ పన్నెండు ఖరీదైన ఫ్రేములను యంత్రంపై అలసట పరీక్షకు పెట్టింది. చివరిదాకా పగలకుండా నిలిచినవి రెండు అల్యూమినియం ఫ్రేములు, ఒక కార్బన్ ఫ్రేమ్. నిలిచినవాటిలో టైటానియం ఫ్రేమ్ ఒక్కటీ లేదు. ఒక్కో రకానికి ఒక్కో ఫ్రేమే పరీక్షించారు కాబట్టి దాన్నిబట్టి టైటానియం పనికిరాదని తీర్పివ్వడం తప్పు. విరగనే విరగదన్న మాటను కొట్టిపారేయడానికి మాత్రం ఆ ఒక్క పరీక్షే చాలు.

ఈ రోజు పెద్ద కంపెనీలు ఐఎస్ఓ 4210 ప్రమాణం ప్రకారం ఫ్రేములను పరీక్షిస్తాయి. అందులో పెడల్ తొక్కే బలాన్ని అనుకరిస్తూ 1,00,000 సార్లు ఒత్తే పరీక్ష ఒకటి. ఒక మనిషి కోసం ఒకే ఒక ఫ్రేమ్ చేసే చిన్న కార్ఖానా ఆ ఫ్రేమ్‌నే యంత్రానికెక్కించి, విరగ్గొట్టి, ముక్కలు పార్సెల్ చేయలేదు కదా. అందుకే అలాంటివాళ్లను అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. ఇదే ట్యూబులతో, చక్రం ఇరుసు కూర్చునే ఇదే రకం డ్రాపవుట్లతో చేసిన నమూనాను ఎప్పుడైనా పరీక్షించారా? ట్యూబుల లోపల ఆర్గాన్ ఎలా నింపుతారు? పగిలి వాపసు వచ్చిన ఫ్రేములు సాధారణంగా ఎక్కడ పగిలాయి? మూడో ప్రశ్నకు "మావి ఎప్పుడూ పగల్లేదు" అని జవాబొస్తే, అతను ఫ్రేములు చేయడం ఈమధ్యే మొదలుపెట్టి ఉండాలి, లేదా నిజం దాస్తూ ఉండాలి.

పగుళ్లు పట్టే చోట్లు దాదాపు స్థిరం. హెడ్ ట్యూబ్‌ను డౌన్ ట్యూబ్ కలిసే చోటి అడుగుభాగం, బాటమ్ బ్రాకెట్‌కు చెయిన్ స్టేలు అతికే చోటు, సీట్ ట్యూబ్ పైన బిగింపు కోసం కోసిన చీలిక మొదలు, బ్రేక్ దిమ్మ చుట్టుపక్కల. పగులు చాలావరకు వెల్డింగ్ గీత మధ్యలో రాదు, దాని అంచున వెంట్రుక మందాన మొదలవుతుంది. కడిగి తుడిచిన ఫ్రేమ్‌ను పగటి వెలుతురులో తిప్పి చూస్తే కనిపిస్తుంది. తుడిచినా మళ్లీ అదే చోట సన్నటి నల్ల గీత తేలుతుంటే అది మురికి కాదు. అనుమానం తీరాలంటే కార్ఖానాల్లో వాడే డై పెనెట్రెంట్ పరీక్ష చేయించాలి. రంగుద్రవం పూసి తుడిచి, పైన తెల్లటి డెవలపర్ చల్లితే పగులు ఎర్రగా బయటపడుతుంది. సీట్ ట్యూబ్ పగుళ్లలో చాలావాటికి కారణం లోహం కాదు, సీట్‌పోస్ట్‌ను చాలినంత లోపలికి దించకపోవడం. పోస్ట్ అడుగు టాప్ ట్యూబ్ అతుకు కన్నా కిందికి దిగాలి.

పగిలిన టైటానియం ఫ్రేమ్‌ను బాగుచేయవచ్చు, అది దాని నిజమైన సుగుణం. అయితే ఆ పని గేట్లూ గ్రిల్సూ అతికే వెల్డింగ్ షాపుది కాదు. లోపల ఆర్గాన్ నింపకుండా అతికిస్తే పాత పగులు పక్కనే కొత్తది పుడుతుంది.

జీవితాంతం వారంటీ కూడా ఈ అపోహకు తోబుట్టువే. ఆ కాగితం సాధారణంగా మొదటి కొనుగోలుదారుకే వర్తిస్తుంది, అదీ తయారీ లోపాలకే. ప్రమాదంలో దెబ్బతిన్నా, వాడకంలో అరిగినా వర్తించదు. జీవితమంటే ఎవరి జీవితమో, ఫ్రేముదా మనిషిదా, షరతుల్లో వెతికి చదవాలి. కంపెనీయే మూతపడితే రెండూ కావు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లు ఆ కాగితాన్ని ఫ్రేమ్ కట్టించుకోవచ్చు.

"టైటానియం మెత్తగా పోతుంది, గతుకులు తెలియవు" అన్న మాటలో మాత్రం కొంత నిజముంది. ఒప్పుకోక తప్పదు. టైటానియం యంగ్ గుణకం సుమారు 105 గిగాపాస్కల్, ఉక్కుది సుమారు 200. అంటే ఒకే కొలత ట్యూబులైతే టైటానియం దాదాపు రెట్టింపు వంగుతుంది. అయితే ఒకే కొలత ట్యూబులు ఎవరూ వాడరు. ట్యూబు గోడ మందం మారకుండా వ్యాసం 31.8 మిల్లీమీటర్ల నుంచి 38కి పెంచితే వంగకుండా నిలిచే గుణం సుమారు 70 శాతం పెరుగుతుంది. కాబట్టి టైటానియంతో రాయిలాంటి ఫ్రేమ్ చేయవచ్చు, పరుపులాంటిదీ చేయవచ్చు. తొక్కేవాడి బరువూ బలమూ చూసి ట్యూబులు ఎంచే నేర్పున్న తయారీదారుడి చేతిలో ఈ గుణం నిజంగానే ఉపయోగపడుతుంది. పైన ఎక్కువ పొడవు తేలి ఉండే 27.2 మిల్లీమీటర్ల సీట్‌పోస్ట్ కూడా సాయం చేస్తుంది. మిగతా సుఖమంతా టైర్లది. 25 మిల్లీమీటర్ల టైర్ల పాత సైకిల్ దిగి, 32 మిల్లీమీటర్ల టైర్లలో గాలి తగ్గించిన కొత్త టైటానియం సైకిల్ ఎక్కినవాళ్లు ఆ ఘనతంతా లోహానికి కట్టబెడతారు. ముందున్న ఫోర్క్ దాదాపు ఎప్పుడూ కార్బన్‌దేనన్న సంగతి గుర్తుకే రాదు.

మిగిలిన నమ్మకాలకు అంత చోటు అక్కర్లేదు. టైటానియమే అన్నింటికన్నా తేలికన్నది తప్పు. దాని ఫ్రేములు సాధారణంగా 1.3 నుంచి 1.7 కిలోలు తూగుతాయి, మంచి కార్బన్ ఫ్రేములు కిలో లోపే. అరుదైన లోహం కాబట్టి ఖరీదన్నదీ తప్పే. భూమి పైపొరలో సమృద్ధిలో తొమ్మిదో స్థానం దానిది, శ్రీకాకుళం తీరపు ఇసుకలోనూ దాని ముడిఖనిజం ఇల్మెనైట్ ఉంది. ఖరీదంతా క్రోల్ పద్ధతిలో లోహాన్ని విడదీయడంలో, ట్యూబుగా లాగడంలో, వెల్డింగ్‌లో ఉంది. హైదరాబాద్‌లోని మిధాని టైటానియం మిశ్రలోహాలు తయారు చేస్తుంది గనుక ఇక్కడ ఫ్రేములు చవకగా రావాలనేవాళ్లు ట్యూబుగా లాగడాన్నీ వెల్డింగ్‌నూ మరచిపోతున్నారు. అయస్కాంతం అంటకపోతే టైటానియమే అనుకుంటే అల్యూమినియానికీ అంటదు. రంగు అనోడైజింగ్ ఫ్రేమ్‌ను బలహీనం చేయదు. గ్రేడ్ 5లో 6 శాతం అల్యూమినియం, 4 శాతం వనేడియం ఉంటాయి కాబట్టి గ్రేడ్ 9 కన్నా మేలన్నది అంకెల మోజు. అది బలమైనదే, కానీ ట్యూబుగా లాగడం కష్టం, అందుకే ఎక్కువగా డ్రాపవుట్లకు, యంత్రంపై చెక్కే భాగాలకు వాడతారు. తుప్పు పట్టదు కాబట్టి గ్రీజు అక్కర్లేదనుకునేవాళ్ల అల్యూమినియం సీట్‌పోస్ట్ విశాఖ ఉప్పుగాలిలో ఫ్రేమ్‌లోపలే బిగుసుకుపోతుంది. టైటానియం చెక్కుచెదరదు, దాన్ని ఆనుకున్న అల్యూమినియమే తినుకుపోతుంది. యాంటీ సీజ్ పేస్ట్ పూసి, అప్పుడప్పుడూ బయటికి తీసి తుడిచి పెట్టాలి.

కొలతలిచ్చి చేయించుకుంటే చాలు, సైకిల్ దానంతటదే ఒంటికి సరిపోతుందన్న ఆశ ఇంకొకటి. చాలామందికి కంపెనీ సైజుల్లో ఒకటి, సరైన స్టెమ్‌తో, చక్కగా సరిపోతుంది. కాళ్లు మరీ పొడవో మొండెం మరీ పొట్టో అయినవాళ్లకు, మరీ పొడుగ్గా లేదా పొట్టిగా ఉన్నవాళ్లకు, బరువు వల్ల ప్రత్యేకమైన ట్యూబులు అవసరమైనవాళ్లకు కొలతల ఫ్రేమ్ అర్థవంతం. కాలి పొడవును ఏదో గుణకంతో హెచ్చించి ఫ్రేమ్ సైజు తేల్చే సూత్రాలు కాగితం మీదే బాగుంటాయి. ముందు ఫిట్టింగ్ తెలిసినవాళ్ల దగ్గర కూర్చునే తీరు తేల్చుకుని, ఇప్పుడు తొక్కుతున్న సైకిల్ స్టాక్, రీచ్ కొలతలు (బాటమ్ బ్రాకెట్ నుంచి హెడ్ ట్యూబ్ పైఅంచు ఎంత ఎత్తులో, ఎంత ముందుకు ఉందో), సీటు ఎత్తు, హ్యాండిల్ దూరం, తన బరువు, తొక్కే రోడ్లు, వేయదలచిన టైరు వెడల్పు తయారీదారుకు రాసివ్వాలి. బాటమ్ బ్రాకెట్ మరలదే అడగడం మంచిది, నొక్కి బిగించే రకంలో కిర్రుమనే బాధ ఎక్కువ.

తర్వాత వచ్చే డ్రాయింగ్‌ను సంతకం పెట్టే ముందు అంకె అంకె సరిచూడాలి. టైటానియం వంచినా వెనక్కి తన్నుతుంది కాబట్టి, వెల్డింగ్ అయ్యాక తప్పును సరిదిద్దే అవకాశం చాలా తక్కువ. బాటిల్ మరలెన్ని, మడ్‌గార్డు బిగించాలా, వెనక క్యారియర్ కావాలా, ఎలక్ట్రానిక్ గేరు తీగ ఎటు పోవాలి అన్నవన్నీ డ్రాయింగ్‌లోనే తేలాలి. అప్పుడైతే ట్యూబుల్లో ఒత్తిడి తక్కువగా ఉండే చోటు చూసి, అంచులకు బలమిచ్చి రంధ్రం పెడతారు. సైకిల్ చేతికొచ్చాక డ్రిల్లుతో పెట్టే రంధ్రం వారంటీని రద్దు చేస్తుంది, ఆ అంచునే ఒక కొత్త పగులు మొదలవుతుంది.