కిరీటం పోయిన తరువాత ప్రార్థన

కోల్‌కతా మహానగరానికి నైరుతి దిశగా, హుగ్లీ నది ఒడ్డున మెటియాబ్రుజ్ అనే పేట ఉన్నది. ‘మట్టి బురుజు’ అని ఆ పేరుకు అర్థం. తెలుగువారికి ఆ మాట కొత్తది కాదు. నేడది దర్జీల పేటగా ప్రసిద్ధి. కుట్టుమిషన్ల చప్పుడుతో నిండిన ఆ ఇరుకు వీధుల నడుమ సిబ్తైనాబాద్ ఇమాంబారా అనే ప్రార్థనామందిరం కనిపిస్తుంది. 1864లో దానిని నిర్మింపజేసినవాడు అవధ్ రాజ్యపు చివరి నవాబు వాజిద్ అలీ షా. ఆయన సమాధి కూడా అందులోనే ఉన్నది.

ఆ సమాధి ఎదుట నిలిచిన వారికి ఒక ప్రశ్న తోచక మానదు. భగవంతుడు ఇచ్చినవన్నీ ఒక్కొక్కటిగా చేజారిపోయినప్పుడు, ఆయనపై నమ్మకం మాత్రం నిలుస్తుందా?

పోయినవి ఎన్ని!

వాజిద్ అలీ షా 1847లో సింహాసనమెక్కాడు. కవి, సంగీత నృత్య రసికుడు. 1856 ఫిబ్రవరిలో ఈస్టిండియా కంపెనీ, పరిపాలన సరిగా లేదన్న నెపంతో, ఆయన రాజ్యాన్ని కలుపుకొన్నది. సంధిపత్రంపై సంతకం చేయుమని రెసిడెంటు ఔట్రమ్ ఒత్తిడి చేయగా, నవాబు తన తలపాగా తీసి అతని చేతిలో పెట్టాడే గాని సంతకం మాత్రం చేయలేదు. ఆ ఏడు మే నెలకు కలకత్తా చేరాడు.

న్యాయం కోరుతూ ఆయన తల్లి విక్టోరియా రాణి కొలువుకు ప్రయాణమై వెళ్లింది. పని నెరవేరలేదు. తిరుగుప్రయాణంలో, 1858 జనవరిలో, పారిస్ నగరంలో ఆమె కన్నుమూసింది. వెంట వెళ్లిన సోదరుడు కూడా ఆ ఏడే లండన్‌లో మరణించాడు. అప్పటికి నవాబు ఫోర్ట్ విలియం కోటలో బందీ. 1857 తిరుగుబాటు వేళ అనుమానంతో ఆయనను అక్కడ నిర్బంధించి, రెండేళ్లకు పైగా ఉంచారు. విడుదలైన పిదప లక్నోకు తిరిగి వెళ్లే యోగం కలుగలేదు. 1887లో మరణించేవరకు మెటియాబ్రుజే ఆయనకు ఇల్లు.

ఆయనను సర్వసంగ పరిత్యాగిగా చిత్రించడం సత్యం కాదు. ఏడాదికి పన్నెండు లక్షల రూపాయల భరణం వచ్చేది. భవనాలు కట్టించాడు, జంతుశాల పెంచాడు, సంగీత సభలు నడిపాడు. అయినప్పటికీ ఒక సంగతి గమనింపదగినది. బాల్యం మెటియాబ్రుజ్‌లో గడిపిన ఉర్దూ రచయిత అబ్దుల్ హలీం షరర్, నవాబు నమాజును, ఉపవాసాలను నియమంగా పాటించేవాడనీ, మద్యం ముట్టేవాడు కాదనీ వ్రాశాడు. రాజ్యం పోయింది కాని ప్రార్థన పోలేదు.

ఫలితం లేని కథ

ప్రవాసంలో ఆయన కట్టించిన ఇమాంబారా దేనికోసం? పోయిన సింహాసనాన్ని తిరిగి ఇమ్మని అడగడానికి కాదు. ‘సిబ్తైన్’ అంటే ప్రవక్త దౌహిత్రులిరువురు, హసన్, హుసేన్. 680వ సంవత్సరంలో కర్బలా మైదానంలో హుసేన్, ఆయన అనుచరులు, దాహంతో అలమటించి ప్రాణాలర్పించిన ఉదంతాన్ని మొహర్రం నెలలో అక్కడ స్మరిస్తారు. ఆ కథలో ఆకాశం నుంచి సాయం దిగిరాలేదు. నీరు దొరకలేదు. అయినా యుద్ధం నడుమనే హుసేన్ మధ్యాహ్నపు నమాజు చేశాడని సంప్రదాయం చెబుతుంది. వరాలు పొందినవాని కథ కాదిది. ఏ వరమూ అందని వేళ కూడా దైవాన్ని విడువనివాని కథ.

వర్తకమా, విశ్వాసమా?

ఈ ప్రశ్న ఒక మతానికి చెందినది కాదు. బైబిలులోని యోబు గ్రంథమంతా దీని చుట్టూ అల్లుకొన్నదే. సంపదలు అనుభవిస్తున్నాడు గనుకనే అతడు భక్తుడని సాతాను వాదన. ఎనిమిదవ శతాబ్దపు బస్రా తపస్విని రాబియా, నరకభయంతో గాని స్వర్గాశతో గాని దేవుని కొలవరాదని బోధించినట్లు ప్రతీతి. భగవద్గీత ఏడవ అధ్యాయం భక్తులను నాలుగు తెగలుగా విభజించింది: ఆర్తుడు, జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని. నలుగురూ ఉత్తములే. కోరికతో వచ్చినవానిని గీత తరిమివేయలేదు. కాని ప్రియతముడు మాత్రం జ్ఞానియే.

అయితే కష్టంలో నోరు మెదపకపోవడమే భక్తి అనుకోరాదు. గోలకొండ చెరసాలలో భద్రాచల రామదాసు తన రాముని ఎంతగా నిష్ఠూరమాడినాడో తెలుగువారికి తెలుసు. చేయించిన నగల లెక్కలు కూడా వల్లించాడు. వినేవాడు ఉన్నాడన్న నమ్మకం లేనివాడు ఎవరితో తగవులాడతాడు? నిష్ఠూరం సైతం విశ్వాసానికి ఒక భాషే.

ఆ రామదాసును బంధించిన తానీషాకు కూడా ఇటువంటి పరీక్ష తప్పలేదు. 1687లో గోలకొండ మొగలుల వశమైనప్పుడు, తనను పట్టుకోవడానికి వచ్చినవారి ఎదుటనే ఆయన నిబ్బరంగా భోజనం చేశాడని చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ వ్రాశాడు. పేదరికమైనా, పట్టమైనా ఇచ్చినవాడు దేవుడే గనుక నమ్మకం చెదరలేదన్నాడట. ఆయన శేషజీవితం దౌలతాబాదు కోటలో బందీగా గడిచింది.

మన మొక్కుబడులలో తప్పేమీ లేదు. బిడ్డకు జ్వరం తగ్గాలని, చేనుకు వాన కురవాలని అడగడం సహజం. బిడ్డ తల్లిని అడగక మరెవరిని అడుగుతుంది? కాని అడిగినది దక్కని నాడు ఏమి జరుగుతుందన్నదే పరీక్ష. ఇచ్చినదానిని బట్టి నమ్మితే, అది వడ్డీ లెక్కల వంటిది. ఒక్క బాకీతో ఖాతా మూతపడుతుంది. ఇచ్చేవాని స్వభావాన్ని బట్టి నమ్మితే, రాబడి ఆగినా బంధం ఆగదు. తల్లి మిఠాయి పెట్టనినాడు బిడ్డ ఏడుస్తాడు, అలుగుతాడు. అయినా చీకటి పడగానే ఆ తల్లి కొంగునే వెతుక్కుంటాడు.

నవాబు మరణించిన పిదప మెటియాబ్రుజ్‌లో ఆయన భవనాలలో అనేకం అమ్ముడుపోయినవి, కూలిపోయినవి. జంతుశాల జాడ లేదు. ఏమీ కోరని కన్నీటికోసం కట్టిన ఆ మందిరం మాత్రం నేటికీ నిలిచి ఉన్నది.