పెట్టెడు పుల్లని యాపిళ్ళు

శ్రావణమాసం రాగానే ఢిల్లీలోని ఆజాద్‌పూర్ మండీకి హిమాచల్ యాపిల్ లారీలు బారులు తీరుతాయి. నిరుడు వడగళ్ళ మచ్చలున్న పుల్లని కాయలు 20 కిలోలు చౌకగా లభించగా, ఒక పెట్టెను నోయిడాలోని మా ఇంటికి తెచ్చాను. మూడవనాటికే అడుగున నాలుగు కాయలు కుళ్ళాయి. దెబ్బతిన్న కాయ ఇథిలీన్ వాయువును అధికంగా వెలువరించి, పక్క కాయలను కూడా తొందరగా పండిస్తుంది. హిమాచల్ ప్రభుత్వం 1974లో నెలకొల్పిన హెచ్.పి.ఎం.సి. సంస్థ ఇటువంటి కాయలనే పర్వానూ కర్మాగారంలో గాఢరసంగా మారుస్తుంది. మాకున్నది వంటిల్లు మాత్రమే!

శ్రీమతి వద్దంటున్నా వినక, మామిడికాయ కొలతలతోనే ఆవకాయ పెట్టించాను. పదిరోజులకు బూజు పట్టింది. యాపిల్‌లో నూటికి సుమారు 85 పాళ్ళు నీరే. పులుపు మామిడికాయలో ఉన్నంత ఉండదు. ముడిసరుకును పరీక్షించకుండా పని మొదలుపెట్టిన ఇంజనీరును ఏమనాలి?

మిగిలిన కాయలను ఆమె తురిమి, నల్లబడకుండా వెంటనే నిమ్మరసం కలిపి, నూనెలో నీరంతా ఇంకేవరకు మగ్గించింది. ఆపైన ఉప్పు, కారం, మెంతిపొడి, ఇంగువ పోపు. ఫ్రిజ్‌లో ఉంచిన ఆ తొక్కు దీపావళి దాటినా చెడలేదు. ఒక సీసా పక్కింటి పంజాబీ వారికిచ్చాం. పరాఠాలతో తిని, పెట్టె ఎక్కడ కొన్నారని అడిగారు.