బొటనవేళ్లు ఎక్కువ పడ్డ జవాబే సరైనదా?



మొన్న ఎండాకాలం పంటలో ముదగల్ దగ్గరి రైతన్న ఒకరు మన గ్రూపులో ఫొటో పెట్టారు. నాలుగో జ్వరం లేచి మూడు రోజులైన పురుగులు. కణుపులు ఉబ్బి, తోలు మెరుస్తా, మేత వదిలేసి పడక అంచుల మీద తిరుగుతున్నాయి. “ఏం చేయాలన్నా?” అని అడిగారు.

రెండు నిమిషాల్లో ఒకాయన జవాబు కొట్టేశాడు: ఫలానా యాంటీబయాటిక్ ఆకు మీద చల్లు. దాని కింద బొటనవేళ్లు వరస కట్టాయి. రాత్రి పొద్దుపోయాక ఇంకొకాయన కన్నడం కలిసిన తెలుగులో వాయిస్ పెట్టాడు. ఇది పాలు కారే రోగం, గ్రాసరీ. వైరస్‌తో వస్తుంది, తగిలిన పురుగును ఏ మందూ బతికించదు. ఏరి సున్నం, బ్లీచింగ్ కలిపిన నీళ్లలో వేయి, పడక పలచన చేయి, పడక మందు చల్లు అన్నాడు. అది విన్నవాళ్లే తక్కువ. రైతన్న వేళ్లు ఎక్కువున్న మాటనే నమ్మారు. రెండు రోజులు పోయినాయి. ఏరకుండా వదిలిన పురుగుల పాలు మిగతావాటికీ అంటుకుంది.

తప్పు ఆయనదని నేను అనను. ముదగల్ మొహర్రంకు పోయినవాళ్లకు తెలుసు, గుంపు ఎటు తోస్తే కాళ్లు అటే పోతాయి. 2013లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన అచ్చయింది. లక్షకు పైగా వ్యాఖ్యల్లో కొన్నిటికి, మంచిచెడ్డలు చూడకుండా, ముందే ఒక మెచ్చుకోలు ఓటు వేశారు. చివరికి వాటికి సగటున 25 శాతం ఎక్కువ మార్కులు పడ్డాయి. అట్లాగే గుడ్డిగా వేసిన ‘కాదు’ ఓటును మాత్రం జనమే సరిచేశారు. అంటే మొదటి పొగడ్తే మోసం చేసేది.

కంప్యూటర్ పనివాళ్ల స్టాక్ ఓవర్‌ఫ్లో 2008 నుంచి ఓట్ల మీదే నడుస్తోంది. మంచి జవాబుకు ఓటు పడితే 10 పాయింట్లు, కాదంటే 2 పోతాయి. జవాబును కాదన్నవాడికీ 1 పోతుంది, ఊరికే కాదనకుండా. మంచి ప్రశ్నకు 5 ఉండేది, 2019లో 10 చేశారు. (అడగడమూ పనే కదా!) అక్కడ ఎవరు ఓటు వేశారో కనబడదు. మన వాట్సాప్‌లో వేలు నొక్కితే పేరు కనబడుతుంది. చాకీ ఇచ్చేవాడో, గూళ్లు కొనేవాడో జవాబు చెబితే, బాకీ ఉన్నవాడు కాదంటాడా?

పెబ్రిన్ సంగతి చూడండి. 1865లో ఆ పని మీద వెళ్లిన లూయీ పాశ్చర్ అంతటివాడే, పురుగులో కనిపించే చుక్కలు రోగానికి కారణం కావని మొదట అనుకున్నాడు. తర్వాత మాట మార్చుకున్నాడు. ఈనాటికీ తల్లి సీతాకోకచిలుకను నూరి, మైక్రోస్కోపు కింద చూశాకే గుడ్లు ఇస్తారు. అక్కడ చేతులెత్తే పని లేదు.

అందుకని వచ్చే పంట నుంచి జవాబు చెప్పేవాళ్లు ఇది తమ షెడ్డులో చేసిందా, విన్నదా అని ముందే రాయాలి. గూళ్లు దించాక అడిగినవాళ్లే వచ్చి ఏం జరిగిందో చెప్పాలి, అడ్మిన్ దాన్ని పిన్ చేస్తారు. మొదటి పిన్ ముదగల్ రైతన్నదే, ఎంత పోయిందో దాచకుండా రాశారు. ఆ రాత్రి వాయిస్ కూడా కింద మళ్లీ పెట్టాం. నాలుగు నిమిషాలుంది, చివరిదాకా వినండి.