చలికాలపు మోతకు పాత పికప్పు

షోలాపూరు దుప్పట్లకు చలికాలమే గిరాకీ. సంఘముల పాత పికప్పులకు శ్రమయు అప్పుడే. కొత్తబండి కొనజాలనివారు ముందుగా సరుకు తడవకుండుటకును, బండి దారిలో ఆగకుండుటకును ఖర్చు పెట్టవలెను.

తొట్టిలో 2 అంగుళముల చెక్కపట్టెలు పరచి వానిపై బేళ్లు పేర్చినచో, ఇనుముకు పట్టిన మంచుచెమ్మ బట్టకు సోకదు. టార్పాలిను బేళ్లకు తగులకుండ అడ్డకడ్డీలపై కట్టవలెను.

వేడిమి 5, 6 డిగ్రీలు తగ్గినచో టైరులో గాలి సుమారు 1 పౌండు తగ్గును. ఉదయము బండి కదలకముందే కొలువవలెను. బ్యాటరీ కొసలను శుభ్రపరచుట పైసా ఖర్చులేని పని.

అదనపు కమాను పట్టీలు మాత్రము వేయించరాదు. వానివలన బ్రేకులకు బలము రాదు, రిజిస్ట్రేషనులోని బరువు పరిమితి పెరగదు. 2019 సవరణచట్టము ప్రకారము అధిక బరువుకు జరిమానా 20,000 రూపాయలు. మించిన ప్రతి టన్నుకు మరి 2,000. ఒక్కమారు అధికముగా మోయించుటకన్న రెండుమార్లు తోలుట చవుక.