ఉప్పుగాలి – కదలని బోల్టు



బాపట్లనుండి సూర్యలంకకు సుమారు 9 కిలోమీటర్ల బాట. సెలవుదినములలో ఆ బాటవెంట సముద్రస్నానమునకు వచ్చు కార్ల నడుమ, నేలకు జానెడెత్తున గూడ లేని క్రీడాకార్లు అప్పుడప్పుడు కానవచ్చును. ఆ ఎత్తును గూడ తగ్గించి కారును నేలకు మఱింత చేరువ చేయవలెనని వాని యజమానులలో కొందఱకు ముచ్చట. పొట్టి స్ప్రింగులు తెచ్చి దింపుటకు పూనుకొన్న దినముననే వారికొక చిక్కు ఎదురగును. స్ప్రింగులు మాఱును గాని, చక్రముల వాలును సరిచేయవలసిన బోల్టులు మాత్రము కదలవు. బలము ప్రయోగించిన కొలది పానా జాఱును, బోల్టు తల అరుగును, తుదకు విఱుగును. అది ఏల కదలదో తెలిసినవాడు దానిని విఱుగగొట్టడు. కారు క్రింద పరుండి తన ప్రాణమును పణముగా పెట్టడు. కావున కారణమునుండి మొదలిడెదను.

ఇనుము తుప్పుపట్టుటకు గాలియు నీరును చాలును. అమరకోశము ఇనుప మలమునకు మండూరమని పేరు చెప్పినది. వైద్యులకు అది ఔషధద్రవ్యము, మెకానిక్కులకు మాత్రము శత్రువు. తుప్పు పట్టుట యనునది ఒక సూక్ష్మమైన విద్యుద్వ్యాపారము. తడిసిన ఇనుముపై ఒకచోట లోహము కరగి నీటిలో చేరును. వేఱొకచోట గాలియందలి ఆమ్లజని ఆ వ్యాపారమును పూర్తిచేయును. ఈ రెండుచోట్లకు నడుమ విద్యుత్తు ప్రవహింపవలెను. మంచినీరు దానికి ఇఱుకైన కాలిబాట, ఉప్పునీరు రాజమార్గము. అదిగాక, ఇనుముపై నేర్పడు పలుచని రక్షకపు పొరను గూడ ఉప్పులోని క్లోరైడు ఛేదించును.

సముద్రపు టుప్పునకు మఱియొక గుణము కలదు. వానకాలమున జాడీలోని రాళ్ళయుప్పు తనంతట తానే చెమర్చుట మన యిండ్లలో ఎఱుగనివారు లేరు. గాలిలో తేమ నూటికి సుమారు 75 పాళ్ళు చేరినపుడు వంటయుప్పు నీరగును. సముద్రపు టుప్పులో కలిసియుండు మెగ్నీషియము క్లోరైడు నూటికి 33 పాళ్ళ తేమకే నీరగును. కావున కెరటముల తుంపర ఒకసారి కారు అడుగునకు తగిలి ఎండినదని తలచినను, అది నిజముగా ఎండదు. రాత్రియగుసరికి మఱల తడి యగును. 2023 డిసెంబరు 5వ తేదీన బాపట్ల చేరువను తీరము దాటిన మిచౌంగ్ వంటి తుపానులు వచ్చినపుడు ఈ తుంపరలు లోతట్టునకు గూడ వ్యాపించును. చలిదేశములలో మంచు కరగుటకై రహదారులపై ఉప్పు చల్లుదురు. అందువలన సముద్రమునకు దూరమునగల ఆంగ్లదేశపు కార్లకును ఇదే రోగము. 1989లో వెలువడిన మాజ్దా ఎంఎక్స్-5 అను చిన్న క్రీడాకారు నడపుటలోని చురుకుదనమునకెంత పేరుగాంచెనో, తుప్పున బిగిసిన ఈ బోల్టులకును అచ్చటి మెకానిక్కులయొద్ద అంత పేరుగాంచినది.

ఇక ఆ బోల్టు ఎట్టిదో చూతము. చక్రమును చట్రమునకు కలుపు ఇనుప చేయి ఒకటి యుండును. మెకానిక్కులు దానిని లోయరు ఆర్ము అందురు. దాని మొదట రబ్బరు బుష్షు, ఆ రబ్బరు నడుమ ఇనుప గొట్టము, ఆ గొట్టములో పొడవైన బోల్టు. బోల్టు తల క్రింద గుండ్రని బిళ్ళ యుండును. బోల్టు ఆ బిళ్ళకు సరిగా నడుమ గాక ఒక ప్రక్కకు జరిగి యుండును. ఇరుసు నడుమ లేని చక్రముగల బండి ఎట్లు ఎగిరెగిరి నడచునో ఊహించుకొన్నచో ఈ బిళ్ళ పని బోధపడును. బోల్టును త్రిప్పినచో బిళ్ళ అంచు చట్రమునందలి గట్లను నెట్టుచు ఆర్మును లోనికో వెలుపలికో జరుపును. చక్రము పైభాగము లోనికి వ్రాలినదా, వెలికి వ్రాలినదా అను లెక్కను సరిచేయు సాధనమిదే.

కారును దింపినపుడు ఆర్ములు పైకి లేచును. పెక్కు క్రీడాకార్లలో చక్రపు పైఅంచు లోనికి వ్రాలును. ముందుచక్రముల నడుమ దూరమును స్వల్పముగా మాఱును. సరిచేయని యెడల టైరు లోపలి అంచు కొలదినెలలలోనే అరిగి దారములు బయటపడును. వెలినుండి చూచువానికి ఆ అరుగుదల కనబడకుండుటయే ప్రమాదము. వేగముగా పోవుచుండగా అట్టి టైరు పగులుట ఎట్టి విపత్తో వేఱుగ చెప్పనక్కఱలేదు. కావున ఈ బోల్టులు తిరుగవని నిశ్చయమైనచో, వానిని తిరుగునట్లు చేయు వఱకు స్ప్రింగుల జోలికి పోకుండుట మేలు. మన పల్లెబాటలలో కారు దింపుటయే వివేకమా అందురేని, కాదనియే నా అభిప్రాయము. 1988 నాటి మోటారు వాహనముల చట్టపు 52వ విభాగము గూడ రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నముగా వాహనమును మార్చరాదనుచున్నది. ముందు అది విచారించుకొనవలెను. దింపకపోయినను, అరిగిన టైరులు మార్చి వీల్ ఎలైన్‌మెంటు చేయించు ప్రతివానికిని ఈ బోల్టులతో పని తప్పదు.

తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె రెండింతలకు మించిన చోటు కోరును. బోల్టునకును గొట్టమునకును నడుమ నున్న సందు వెండ్రుకవాసి. ఆ సందులో తుప్పు ఉబ్బి, చీల కొట్టినట్లు రెంటిని ఏకము చేయును. ఇచ్చట చాలమంది ఒక సంగతి గుర్తింపరు. నట్టు సులభముగానే ఊడివచ్చును; పట్టుకొన్నది మరచుట్లు కావు, నడుమనున్న నున్నని కాండము. పానాతో త్రిప్పినచో బోల్టు కొంచెము తిరిగినట్లే యుండి, వదలగానే వెనుకకు వచ్చును. తిరిగినది బోల్టు గాదు, రబ్బరు మెలిపడినది. ఆ జాడ కానవచ్చినచో ఇక బలము పెంచుట వ్యర్థము.

పని మొదలిడుటకు ముందు కారును సమతలమున నిలిపి, జాకీతో ఎత్తి, బలమైన స్టాండులపై దింపవలెను. జాకీని మాత్రమే నమ్మి కారు క్రింద దూరరాదు. మొండిబోల్టును ఊపునపుడు కారంతయు ఊగును. సరిగా ఆ క్షణముననే జాకీ జాఱును. బిళ్ళ ఇప్పుడున్న స్థానమును సుద్దతో గాని రంగుతో గాని చట్రముపై గుర్తుపెట్టుకొనవలెను.

మొదట మంచినీటితో కడిగి, ఆరనిచ్చి, ఇనుప బ్రష్షుతో పైతుప్పు రాల్చవలెను. పిదప చొచ్చుకొనిపోవు నూనె వేయవలెను. గ్రీజువంటి చిక్కని పదార్థము ఆ సన్నసందులో దూరదు. పలుచనిది ఒత్తి ప్రమిదలోని నూనెను పీల్చినట్లు తనంతట లోనికి పోవును. దుకాణములలో దొరకునది చాలును. ఆటోమేటిక్ గేరుపెట్టె నూనెను అసిటోనుతో సమపాళ్ళలో కలిపి వాడువారును కలరు. అది త్వరలో విడిపోవును గాన ప్రతిసారి కుదుపవలెను. నిప్పు తగిలిన భగ్గుమనును గాన వేడిచేయు పనికి దగ్గఱ నుంచరాదు. ఏ నూనెయైనను గంటలో పనిచేయదు. సాయంకాలము వేసి, సుత్తితో బోల్టు చివరను తేలికగా పలుమాఱు తట్టి, మఱునాడు మఱల వేయవలెను. మూడునాలుగు దినములు ఇట్లు చేయుటకు ఓపికలేనివాడే బోల్టు విఱుచును. తట్టునపుడు నట్టును చివరవఱకు ఎక్కించియే తట్టవలెను. లేనిచో మరచుట్లు చెడును.

త్రిప్పుటకు ఆఱుపలకల సాకెట్టే వాడవలెను. పండ్రెండు పలకలది తుప్పుపట్టిన తలపై జాఱును. ప్రదక్షిణముగా బిగియును, అప్రదక్షిణముగా వదులగును. ఐనను మొదట బిగించు వైపునకే కొంచెము త్రిప్పవలెను. అటు వీసమెత్తు కదలినచో తుప్పు పొర పగులును. అంతట ఇటు నటు ఊపుచు, నడుమనడుమ నూనె వేయుచు రావలెను. పానాకు పొడవైన గొట్టము తొడుగుటలో జాగ్రత్త వలయును. మీటరు పొడవు చివర 20 కిలోల బరువు మోపినచో సుమారు 200 న్యూటన్ మీటర్ల మెలి కలుగును. 12 మిల్లీమీటర్ల బోల్టును బిగించునది సామాన్యముగా దానిలో సగము చుట్టుప్రక్కల మాత్రమే. విఱిగిన బోల్టు ముక్కను వెలికితీయుట మొదటిపనికంటె పదిరెట్లు కష్టము.

నట్టు పట్టుకొన్నచో వేడిమి సాయపడును. ఉక్కు ఒక డిగ్రీకి తన కొలతలో పదిలక్షలవంతున సుమారు 12 వంతులు పెరుగును. 12 మిల్లీమీటర్ల రంధ్రముగల నట్టును 300 డిగ్రీలు వేడిచేసినచో రంధ్రము మిల్లీమీటరులో నూఱవవంతులు నాలుగు వెడల్పగును. అది వెండ్రుక మందమునకు తక్కువ. ఐనను తుప్పు పొర పగులుటకు చాలును. బోల్టును గాక నట్టునే కాల్చవలెను. కాని కాండము గొట్టములో పట్టినపుడు మంట పెట్టినచో రబ్బరు కాలి విషపు పొగ వచ్చును. ప్రక్కనే బ్రేకు గొట్టములు, పెట్రోలు గొట్టములు ఉండును. షాక్ అబ్జార్బరులో ఒత్తిడిగల వాయువు ఉండును. అది వేడెక్కిన పేలును. కావున ఇంటివద్ద గ్యాసుమంటతో ఈ ప్రయోగము చేయరాదని గట్టిగా చెప్పుచున్నాను. తీగచుట్టతో విద్యుత్తుచే వేడిచేయు యంత్రము గలవారికి అప్పగింపుడు. ఎఱ్ఱగా కాలిన బోల్టు, ఊడివచ్చినను, తన పదును కోల్పోయినది; దానిని మఱల బిగింపరాదు.

ఇంతకును లొంగనిచో కోయుటయే గతి. బుష్షునకును చట్రమునకును నడుమ సందులో రంపపు బ్లేడు పెట్టి ఇరువైపుల కోసి ఆర్మును దింపి, బోల్టు, బిళ్ళలు, బుష్షు మూడింటిని క్రొత్తవి వేయవలెను. కోయుటకు ముందే క్రొత్తవి తెప్పించి యుంచుకొనుట మఱువరాదు. లేనిచో కారు స్టాండులపై వారములు నిలుచును.

క్రొత్త బోల్టు నున్నని కాండమునకు తుప్పు పట్టనీయని గ్రీజు దట్టముగా పూయవలెను. మరచుట్లకు పూయరాదు; పూసినచో రాపిడి తగ్గి, అదే మెలికి బోల్టు మితిమీఱి సాగును. మఱియొక సంగతి మంచి మెకానిక్కులు గూడ ఏమఱుదురు. చక్రము గాలిలో వ్రేలాడుచుండగా నట్టును తుదిగా బిగింపరాదు. బుష్షు రబ్బరు గొట్టమునకు అంటియుండును. వ్రేలాడినపుడు బిగించి కారును దింపినచో రబ్బరు ఎల్లవేళల మెలిపడియే యుండి త్వరలో చినుగును. కారు బరువు చక్రములపై నిలిచి, క్రొత్త ఎత్తునకు వచ్చిన పిదపనే బిగింపు. ఆ వెంటనే ఎలైన్‌మెంటు.

తీరప్రాంతమున నుండువారు ఏటికొకసారి, వానకాలము వెళ్ళినవెంటనే, ఈ బోల్టులను గుర్తుపెట్టి ఒక చుట్టు త్రిప్పి, మఱల గుర్తునకే తెచ్చి బిగించుకొని, ఎలైన్‌మెంటు సరిచూపించుకొనవలెను. సూర్యలంకనుండి ఇంటికి చేరిన సాయంకాలము కారు పైభాగమును తుడుచుటకంటె ముందు, గొట్టముతో మంచినీటిని దాని అడుగునకు, చక్రముల వెనుకకు, ఆర్ముల మొదళ్ళకు పది నిమిషములు పట్టవలెను.