రోగియైన సైనికుఁడు ఋణగ్రస్తుఁడా?

మాట యిచ్చి తప్పినవానికిని, మాట నిలుపుకొనఁ గోరియు దేహము సహకరింపక ఆఁగిపోయినవానికిని భేదము లేదా? కలదని చెప్పుటకు గొప్ప శాస్త్రజ్ఞానము వలదు. ఇంట బిడ్డల తగవులు దీర్చు ప్రతి తల్లియు నెఱుఁగును. కాని యీ భేదమును మఱచి వ్రాయఁబడిన తాఖీదులు అమెరికా సంయుక్త రాష్ట్రములలో సైనికుల యిండ్లకు వచ్చుచుండుట కలదు. "నీకు మున్నిచ్చిన బోనసులో నింత భాగము తిరిగి చెల్లింపుము" అని వాని సారాంశము. అందుకొనువాఁడు సేనను విడిచి పాఱిపోయినవాఁడు కాఁడు. "నీవిఁకఁ గొలువునకుఁ దగవు" అని వైద్యులు నిర్ణయింపఁగా నింటికి వచ్చినవాఁడు. ఆ దేశమున స్థిరపడిన తెలుఁగు కుటుంబములు పెక్కు. అచటి గృహముల కష్టసుఖములు మనకుఁ బరాయివి కావు. కావున నీ విషయమును సోదరీమణులకుఁ దెలుపఁ బూనితిమి.

ముందుగా నీ బోనసు సంగతి. 1973 లో అమెరికా ప్రభుత్వము నిర్బంధ సైన్యసేవను మానివేసినది. నాఁటినుండి యిచ్ఛతోఁ జేరువారే యా దేశపు సేనలలోఁ గలరు. ఒక్కొక్కఁడు కొన్నియేండ్లకు ఒడంబడిక వ్రాసి చేరును. గడువు తీఱఁగానే వెడలిపోవచ్చును. యంత్రములు నడపుటయందో, క్షతగాత్రులకుఁ జికిత్స చేయుటయందో ఆఱితేఱినవాఁడు వెడలిపోయినచోఁ గ్రొత్తవానిని దీర్చిదిద్దుటకుఁ గాలమును ధనమును వ్యయమగును. అందువలన మనుష్యులు చాలని పనులలో నున్నవారిని "మఱి కొన్నియేండ్లు నిలువుఁడు" అని కోరి, మరల ఒడంబడిక వ్రాసినవారికిఁ గొంత రొక్క మిత్తురు. సైన్యమునకు ధన మాశచూపుట క్రొత్తయాచారము కాదు. 1776 లోనే, యుద్ధము ముగియువఱకు నిలుతునని చేరు సామాన్య సైనికునకు 20 డాలర్లును 100 ఎకరముల భూమియు నిత్తుమని యా దేశపు కాంగ్రెసు తీర్మానించెను.

ఈ సొమ్ము చేసిన సేవకుఁ గాదు, చేయఁబోవు సేవకు. ఉదాహరణమునకు, 6 ఏండ్లకుఁ గాను 12,000 డాలర్లు ముందుగాఁ బుచ్చుకొన్న సైనికుఁడు 4 ఏండ్లు కొలువు చేసి వ్యాధిచేఁ దొలఁగింపఁబడెననుకొందము. మిగిలిన 2 ఏండ్లకుఁ జెందిన 4,000 డాలర్లు "ఆర్జింపని భాగ" మని లెక్కకు వచ్చును. ఆ సొమ్మింట నుండునా? ఇంటి బాడుగకో, పాతయప్పునకో, కానుపు వ్యయమునకో యెన్నఁడో కర్చైపోయి యుండును. పైఁగా సామాన్యముగా బోనసునుండి ఆదాయపుఁ బన్ను పట్టుకొనియే మిగిలినది చేతికిత్తురు. గడచిన సంవత్సరముల సొమ్మును దిరిగి కోరునపుడు పన్నుతోఁ గూడిన మొత్తమునే కోరుదురు. ఆ పన్నును రాఁబట్టుకొనుట వేఱొక శాఖతోఁ జేయవలసిన వ్యవహారము. నెలజీతముపై నడచు సంసారము మాది. జీతము నిలిచిపోయిన మాసముననే యప్పు పైఁబడుట యెట్టిదో మాకు వేఱుగాఁ జెప్పనక్కఱలేదు.

ఇట్టిచో మన పెద్దలేమనిరో చూతము. కౌటిల్యుని యర్థశాస్త్రమున భృతకులను గుఱించిన ప్రకరణ మొకటి గలదు. జీతము పుచ్చుకొని పని చేయనివానికి 12 పణముల దండము విధించిన యా కఠినుఁడే, వెనువెంటనే, అశక్తుఁడును, వ్యాధిగ్రస్తుఁడును, ఆపదపాలైనవాఁడును సడలింపు పొందవచ్చుననియు, మఱియొకనిచే నా పని చేయింపవచ్చుననియుఁ జెప్పెను. దండమును సడలింపును పక్కపక్కనే యుంచుటలోఁ దాత్పర్యమేమి? పని జరుగలేదనుట యొక్కటే చాలదు, ఏల జరుగలేదో యడుగవలయుననియే కదా. భారత సభాపర్వమున ధర్మరాజును జూడవచ్చిన నారదుఁడు, నీకొఱకు మృతులైనవారి భార్యలను, ఆపదలఁ జిక్కినవారి భార్యలను బోషించుచున్నావా యని యడుగును. రాజ్యమును గుశలప్రశ్న వేయునపుడు సైనికుని యిల్లాలినిగూడ నడిగిన యా మునికి మనము నమస్కరింపవలయును.

అమెరికా శాసనముగూడ నీ ధర్మము నెఱుఁగకపోలేదు. కాని యాలస్యముగాను, సగముగాను నెఱిఁగినది. 2007 లో ఇరాకు యుద్ధమున గాయపడి కంటిచూపు దెబ్బతిన్న యొక సైనికునకు బోనసులోఁ గొంత తిరిగి చెల్లింపుమని తాఖీదు పోయెను. వార్త దేశమంతట వ్యాపింపఁగా సైన్యాధికారులు దానిని బొరపాటని యుపసంహరించుకొనిరి. 2008 లోఁ జేసిన శాసనము ప్రకారము, కొలువులో మరణించినవాని యింటివారినిగాని, యుద్ధసంబంధమైన యంగవైకల్యముచేఁ దొలఁగింపఁబడినవానినిగాని బోనసు తిరిగి కోరరాదు. చెల్లింపక మిగిలిన భాగ మున్నచో దానినిగూడ నీయవలయును. స్వకీయమైన దుష్ప్రవర్తనచేఁ దెచ్చుకొన్న యాపద కీ రక్షణ లేదు. యుద్ధసంబంధమనఁగా శత్రువుచేఁ దగిలిన గాయమే కాదు. అపాయకరమైన కొలువునందును, యుద్ధమును బోలిన శిక్షణయందును, యుద్ధసాధనములచేతను గలిగిన హానియు నందుఁ జేరును.

ఇఁక చిక్కెక్కడనఁగా, వ్యాధులన్నియు రణరంగమునఁ బుట్టవు. ఉబ్బసము, మధుమేహము, హృద్రోగము, మనోవ్యాధి మొదలైనవి సైనికునకును మనకువలెనే వచ్చును. ఇట్టివాని విషయమున శాసనము గట్టిగా నిషేధింపక యధికారుల విచక్షణకు విడిచినది. అడుగుట న్యాయమునకును సదంతఃకరణమునకును విరుద్ధమని తోఁచినచో సొమ్ము నడుగకుండవచ్చునని నిబంధనలలో నున్నది. కాని "మానవచ్చును" అనుటకును "మానవలయును" అనుటకును నడుమ నొక సంసారము మునిఁగిపోఁగలదు.

మఱియొక చిక్కు విడుదలపత్రము. కొలువు విడుచునపుడు డీడీ 214 అను పత్రమునఁ దొలఁగింపునకుఁ గారణమును, దానికిఁ దగిన సంకేతాక్షరములును వ్రాయుదురు. లెక్కలు చూచు గుమాస్తా రోగిని జూడఁడు. ఆ యక్షరములను జూచును. కారణము తప్పుగా వ్రాయఁబడినచో అప్పును దప్పుగానే పుట్టును. కావున తాఖీదు వచ్చిననాఁడు మొదటఁ దీయవలసినది డబ్బుసంచి కాదు, విడుదలపత్రము.

అటుపిమ్మట రెండు ప్రశ్నలను వేఱువేఱుగా నుంచుకొనవలయును. "ఈ యప్పు నాది కాదు" అనుట యొకటి. "అప్పే యైనను న్యాయము దలఁచి మాఫీ చేయుఁడు" అనుట వేఱొకటి. మొదటిదానికి ఒడంబడికయు, వైద్యుల నిర్ణయమును, విడుదలపత్రమును సాక్ష్యములు. రెండవదానికిఁ జేసిన సేవ, రోగము తన తప్పిదముచే రామి, గృహస్థితి సాక్ష్యములు. రెంటిని గలగాపులగము చేసి "మేము బీదవారము" అని మాత్రము వ్రాసినచో, అప్పు నొప్పుకొన్నట్లు తలఁపఁబడవచ్చును.

ప్రభుత్వము సొమ్ము పట్టుకొనుటకు ముందు తాఖీదు నీయవలయుననియు, లెక్కపత్రములు చూడనీయవలయుననియు, పునర్విచారణ కవకాశ మీయవలయుననియు, వాయిదాలపైఁ దీర్చు నొప్పందమునకుఁ జోటీయవలయుననియు నా దేశపు ఋణవసూలు శాసనము చెప్పుచున్నది. ఊరకుండుట మాత్రము హాని. 120 దినములు మించి బాకీపడిన సొమ్ము ఖజానాశాఖకుఁ బోవును. వారు రావలసిన పన్నువాపసునుగూడఁ బట్టుకొనఁగలరు. కాఁబట్టి తాఖీదులోని గడువులోపలనే వ్రాఁతమూలముగా ఆక్షేపణ పంపి, నకలును, అంచెరసీదును దాఁచుకొనవలయును.

విడుదలపత్రమున కారణము తప్పైనచో సైనిక రికార్డుల సవరణ మండలికి డీడీ 149 అను దరఖాస్తు పెట్టుకొనవచ్చును. ఇందు కూర్చుండువారు సైనికులు కారు, పౌరులు. తప్పు తెలిసిన 3 ఏండ్లలోపల నడుగవలయును, న్యాయమనిపించినచో ఆలస్యమును మన్నింతురు. కొలువులో నున్నవారికి సైన్యమువారి న్యాయసహాయ కార్యాలయములు రుసుము లేకయే సలహా చెప్పును. తమ ప్రాంతపు కాంగ్రెసు సభ్యుని మూలమున విచారింపఁజేయుటయు నచట నాచారమే.

ఆక్షేపించినంతనే ఫలమేమని నిరుత్సాహపడువారికి 2016 నాఁటి కాలిఫోర్నియా వృత్తాంతము చాలును. అది రోగుల సంగతి కాదు. ఇరాకు, ఆఫ్ఘనిస్థాను యుద్ధముల కాలమున నచటి నేషనల్ గార్డు అధికారులు నియమములు మీఱి పంచిన బోనసుల సంగతి. ఏండ్లు గడచిన పిదప సుమారు 10,000 మంది సైనికులను ఆ సొమ్ము తిరిగి యిమ్మనిరి. పలువురకు 15,000 డాలర్లు, అంతకు మించియు. కొందఱు మొఱలిడిరి, పత్రికలు వ్రాసెను. అక్టోబరులో రక్షణమంత్రి వసూళ్లను నిలిపెను. డిసెంబరులో నా కేసులను మరలఁ బరిశీలింపుమని శాసనమే పుట్టెను. అందఱును నోరుమూసికొని చెల్లించియుండినచో నిది జరిగెడిదా?

ప్రభుత్వ పక్షమునఁగూడ నొక మాట కలదు. ఆ ధనము ప్రజలిచ్చిన పన్ను. రోగమును దాఁచి ఒడంబడిక వ్రాసినవానిని, సొమ్ము చేతఁబడఁగానే తప్పు చేసి వెడలఁగొట్టించుకొన్నవానిని అడుగకుండుట ధర్మము కాదు. మేము కోరునది యందఱికిని మాఫీ కాదు. కారణము విచారించి వేఱుపఱుచుట.

ఆ విచారణకుఁ గాగితము ప్రాణము. మగవాఁడు శిబిరమునందో, చికిత్సాలయమునందో యున్నపుడు కాగితములు భద్రపఱుచునది యిల్లాలు. ఒడంబడిక, జీతపుఁ జీట్లు, వైద్యులు వ్రాసిన ప్రతి చీటి, విడుదలపత్రము తేదీల వరుసనొక్క సంచిలో నున్నచో నది యామెకు నగలపెట్టెకంటె మిన్న. ఆ దేశమున నున్న మన యాఁడుబిడ్డలకును జెల్లెండ్రకును జాబు వ్రాయునపుడు సోదరీమణు లీ మాట చేర్తురుగాక: తాఖీదు వచ్చినంతమాత్రమున నప్పు నిజము కాదు, చదువుము, అడుగుము, గడువు దాఁటనీయకుము.